ముసుగు విప్పే రీలు

1994 వేసవి చివర్లో నేను అమలాపురంలోని ఒక సినిమా హాల్లో సెకండ్ ఆపరేటరుగా పనిచేస్తున్నాను. చేరి అప్పటికి నాలుగేళ్లు. హాలు పేరు రాయను. ఇప్పుడది ఫంక్షన్ హాలు అయింది, అక్కడ పెళ్లిళ్లు జరుగుతున్నాయి, ఆ గోడలకి ఈ పాత గొడవ అంటించడం నాకిష్టం లేదు.

ఆపరేటరు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఎందుకంటే మొన్న మా అల్లుడు కూడా "బటన్ నొక్కడమే కదండీ మావయ్యగారూ" అన్నాడు. ఇప్పుడంతేనేమో. సినిమా ఆకాశంలోంచి దిగుతోందట, మీట నొక్కినవాడినల్లా ఆపరేటరు అంటున్నారు. అననివ్వండి. మా రోజుల్లో కేబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. సినిమా పది పదిహేను రీళ్లుగా రేకు డబ్బాల్లో వచ్చేది. రెండేసి రీళ్లు కలిపి ఒక చుట్టగా చేసి, ఒక మెషీను మీద ఒకటి నడుస్తుంటే రెండో మెషీను మీద తర్వాతది సిద్ధంగా ఉంచుకోవాలి. మొదటిది అయిపోయే ముందు తెరకి కుడిపక్క పైమూలన ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మెషీను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. అది కనబడగానే దీని మూత మూసి దాని మూత తెరవాలి. దీన్నే ఛేంజోవర్ అనేవాళ్లం. సరిగ్గా చేస్తే కింద కూర్చున్న వందలమందిలో ఒక్కడికీ తెలియదు. తెలిసిందంటే ఆపరేటరు పని చెడగొట్టినట్టే. మా ఉద్యోగంలో మెప్పు లేదు, తిట్లే ఉన్నాయి.

వెలుగు బల్బుది కాదు, కార్బన్లది. పెన్సిలు లాంటి బొగ్గు కడ్డీలు రెండు ఎదురెదురుగా బిగించి కరెంటు వదిలితే వాటి మధ్య ఆర్కు మండుతుంది. కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే తెర పసుపెక్కిపోతుంది. ఆ ఆర్కుని నల్లద్దంలోంచే చూడాలి. పనిలో తొందర పడితే వట్టి కంటితో చూసేస్తాం. అలా ఎన్నిసార్లు చూశామో ఎవడు లెక్కపెట్టుకున్నాడు!

నియమాలు కూడా చెప్పాలి, ఈ కథంతా వాటి మీదే నడిచింది. లైసెన్సున్న ఆపరేటరు లేకుండా ఆట వెయ్యకూడదు. ఆ లైసెన్సు ఫ్రేము కట్టించి కేబిన్ గోడకి తగిలించాలి. ఆట నడుస్తున్నంతసేపూ ఆపరేటర్లు కేబిన్ విడిచి కదలకూడదు. ఇది మా హాల్లో రాసి పెట్టిన షరతు. లైసెన్సు పరీక్షకి కూర్చోవాలంటే, లైసెన్సున్నవాడి దగ్గర పని నేర్చుకున్నానని అతని చేతి అనుభవపత్రం జత చెయ్యాలి. నాకు అప్పటికి ముప్ఫై ఏళ్లు, పెళ్లయింది, లైసెన్సు లేదు. మా హెడ్ ఆపరేటరు సత్తిరాజుగారు రాసిచ్చే ఆ ఒక్క కాగితం మీదే నా బతుకంతా ఆధారపడి ఉంది.

సత్తిరాజుగారిది పలివెల. యాభై అయిదేళ్లుంటాయి. బొగ్గు మసిలో పనిచేస్తూ తెల్ల చొక్కా వేసుకునే మనిషిని నేను ఆయన్ని తప్ప చూడలేదు. బజార్లో నడిచి వెళుతుంటే టీ కొట్టు దగ్గర బల్ల మీద చోటిచ్చేవారు. కొత్త సినిమా ఎన్నాళ్లు ఆడుతుందో ఆయన్నే అడిగేవారు. ఆయన రెండు రీళ్లు విని చెప్పేవారు, అలాగే జరిగేది. చూసి కాదు, విని. ఆ ముక్క నాకు అప్పట్లో తట్టలేదు.

గురువారం సాయంత్రం ప్రింటు వస్తే మర్నాటి ఆటకి దాన్ని తనిఖీ చెయ్యాలి. రివైండరు అనే చేతిచక్రం మీద ఫిల్మునంతా ఒక చుట్టలోంచి ఇంకో చుట్టలోకి తిప్పుతూ, చిరుగులూ అతుకులూ వెతకాలి. సత్తిరాజుగారు మెత్తటి గుడ్డముక్క మడిచి ఫిల్ము అంచుకి పట్టించి, గోడకేసి చూస్తూ తిప్పేవారు. అతుకు వచ్చిందంటే చెయ్యి ఆగిపోయేది. "ఇక్కడ పళ్లు రెండు ఊడేయి, చూడరా" అనేవారు. చూస్తే ఫిల్ము అంచు కంతలు సరిగ్గా రెండే చిరిగి ఉండేవి. ఆయన వేళ్లకి కళ్లున్నాయని నేను ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవాడిని. మూర్ఖుడిని.

ప్రతి ఆటకీ మొదట ఫోకసు సరిచేస్తూ నన్ను అడిగేవారు, ఎలా ఉందిరా మూర్తీ అని. నేను కొంచెం అటు, కొంచెం ఇటు అని చెప్పేవాడిని. నాకు పని నేర్పుతున్నారనుకున్నాను. రెండేళ్లు అలాగే అనుకున్నాను. ఒకరోజు మ్యాటినీకి ఏదో కొంటెతనం పుట్టి, తెర మీద హీరో మొహం అలికేసినట్టుంటే బాగుందండి అన్నాను. ఆయన కూడా ఆయ్ బాగుంది అని చెయ్యి తీసేశారు. కింద నుంచి ఈలలు మొదలయ్యాక గాని ఆయనకి తెలియలేదు. నేనే ఫోకసు సరిచేశాను. ఆ క్షణాన నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ నాకు పాఠం చెప్పడం లేదు, నా కళ్లు అరువు తీసుకుంటున్నారు.

మరి ఛేంజోవర్లు ఎలా చేస్తున్నారు? చెవితో. తెలుగు సినిమా ఏదైనా రెండాటలు వింటే ఏ రీలు ఏ మాట మీద అయిపోతుందో ఆయనకి కంఠతా వచ్చేసేది. ఫలానా వాడు తలుపు వేసి వెళ్లాక ఆరు అంకెలు లెక్కపెట్టి మూత మార్చేవారు. ఆ మొదటి రెండాటలకి మాత్రం చుక్కలు నేను చెప్పాలి. దాన్ని కూడా ఆయన "నీ చూపు పరీక్ష చేస్తాను, చుక్క కనబడగానే స్టూలు మీద తట్టు" అనే పద్ధతిలో పెట్టారు. మేమిద్దరం ఈ సంగతి ఒక్కసారి కూడా పైకి మాట్లాడుకోలేదు. ఆయన దాచారు, నేను తెలియనట్టు నటించాను. పత్రం రాసివ్వాల్సిన మనిషి కదా, నా స్వార్థమూ ఉంది. ఆయన మీద ప్రేమా ఉంది. ఏది ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

కంటి వైద్యానికి ఎందుకు వెళ్లలేదని మీరు అడగొచ్చు. ఊళ్లో ఏటా కంటి శిబిరం పెట్టేవారు. మా ప్రొప్రయిటరుగారు దానికి దాత, వేదిక మీద కుర్చీలో ఉండేవారు. ఆయన ఎదురుగా చొక్కాకి నంబరు గుచ్చుకుని వరసలో నిలబడితే ఆ సాయంత్రానికే ఉద్యోగం పోయేది. కాకినాడో రాజమండ్రో వెళ్లొచ్చు. కానీ ఆర్కు తినేసిన కన్ను తిరిగి రాదని మా పాత ఆపరేటర్లకి ఒక గట్టి నమ్మకం. ఏ డాక్టరూ చెప్పింది కాదు, కేబిన్లలో ఒకరికొకరు చెప్పుకున్నదే. ఆయన అదే నమ్మి, పోయిందేదో పోయింది, ఉన్నన్నాళ్లు నెట్టుకొద్దామనుకున్నారు.

ఇంతలో ప్రొప్రయిటరుగారికి సరదా పుట్టి, పదకొండు గంటల మార్నింగ్ షోకి పాత ఇంగ్లీషు సినిమా తెప్పించారు. చదువుకునే రోజుల్లో కాకినాడలో చూశారట. గుర్రాల సినిమా. అందులో ఒకడు పగలంతా ఊళ్లో గడియారాలు బాగుచేసుకుంటూ, అందరి చేతా నమస్కారాలు పెట్టించుకుంటూ మర్యాదస్తుడిగా బతుకుతాడు. వాడే మొహానికి నల్ల గుడ్డ కట్టుకుని దారిలో బళ్లని దోచేస్తుంటాడు. ఆ దొంగని పట్టుకోవడానికి ఊరివాళ్లు వేసే సంఘానికి పెద్దగా కూడా వాణ్ణే పెడతారు. చివరికి తుపాకి దెబ్బ తిని గడ్డివామి దగ్గర పడి ఉంటే, వాణ్ణి దేవుడిలా చూసుకునే జడ్జిగారమ్మాయి వచ్చి ఆ గుడ్డ ముడి విప్పుతుంది. ఆ ముడి విప్పే చోట చూడాలయ్యా అని ప్రొప్రయిటరుగారు వారం ముందు నుంచీ అందరికీ చెప్పారు. తెలిసిన ప్లీడర్లనీ, ఒక రిటైరైన లెక్చరరునీ బాల్కనీకి పిలిచారు.

మా హాల్లో ఇంగ్లీషు సినిమా వెయ్యడం అదే మొదలు. సత్తిరాజుగారికి ఇంగ్లీషు రాదు. ప్రింటు వచ్చిన గురువారం, ముందుగా ఒక ట్రయలు వేసుకుంటామని మేనేజరుగారిని అడిగారు. ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మీకు ట్రయలు ఏమిటండీ అని ఆయన నవ్వేశారు. ఆ సాయంత్రం రివైండరు దగ్గర సత్తిరాజుగారు చాలాసేపు కూర్చున్నారు. పాత ప్రింటు, ఎన్ని ఊళ్లు తిరిగిందో, ప్రతి ఆపరేటరూ రీలు చివర తనకి తోచిన చోట ఛేంజోవర్ గుర్తుగా గీతలు గీకేశాడు. చివరికి ఆయన లేచి, మామూలు గొంతుతోనే అన్నారు.

"రేపు ఈ సినిమాకి నువ్వు నా పక్కనుంచి కదలకురా మూర్తీ."

అలాగేనండి అన్నాను. అంతకంటే స్పష్టంగా ఆయన తన సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదు. అది ఆజ్ఞ కాదు, బతిమాలడమని నాకు తెలుసు.

శుక్రవారం హాలు ముప్పాతిక నిండింది. కాలేజీ ఎగ్గొట్టినవాళ్లు, కోర్టు వాయిదాకి వచ్చి కేసు పిలవడానికి టైముందని చల్లగా కూర్చున్నవాళ్లు, రొయ్యల మేత కోసం అల్లవరం నుంచి వచ్చినవాళ్లు. భాష తెలియకపోయినా ముసుగు దొంగ కనబడితే చాలు, ఈలలే ఈలలు. నేను స్టూలు పక్కన నిలబడి చుక్కలకి తట్టాను. ఆయన మార్చారు. విశ్రాంతి దాకా ఒక్క తేడా రాలేదు.

నిజం చెప్పేస్తాను. ఆ సినిమా నన్ను పట్టేసింది. నాలుగేళ్లలో నేను ఏ సినిమానీ సినిమాగా చూడలేదు. కేబిన్ కంతలోంచి బొమ్మ చిన్నదిగా, వాలుగా కనబడుతుంది. కన్నేమో ఎప్పుడూ ఆ పైమూల చుక్క మీదే ఉంటుంది. ఆ దొంగ మొహం బయటపడే క్షణాన జడ్జిగారమ్మాయి ఏమవుతుందో హాల్లో జనం మధ్య నిలబడి చూడాలనిపించింది. చివరి రెండు చుట్టలు మిగిలి ఉన్నాయి. అప్పుడే ఎక్కించిన చుట్ట అవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పదిహేను నిమిషాల్లో వచ్చేస్తానని లెక్క వేసుకున్నాను. మంచినీళ్లు తాగొస్తానండి అన్నాను. ఆయన కార్బన్లు సవరిస్తూ, తొందరగా వచ్చెయ్యి అన్నారు.

వెళ్లి బాల్కనీ తలుపు పక్కన నిలబడ్డాను. బొమ్మ ఎంత పెద్దదో అప్పుడు చూశాను. పదిహేను నిమిషాలయింది. గడ్డివామి వచ్చింది. ఇంకొక్క నిమిషం అనుకున్నాను. జడ్జిగారమ్మాయి లాంతరు కింద పెట్టి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. సంగీతం ఆగిపోయింది. మాటల్లేవు. హాల్లో ఈల కూడా లేదు. ఆ అమ్మాయి చెయ్యి ముడి మీద పడింది. అంతే, తెర మీద పట్టపగలు, వీధి, జనం, శవపేటిక మోసుకుపోతున్న బండి.

మొహం ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఏమైందో మెట్లెక్కుతూనే నాకు తెలిసిపోయింది. ఆ సీను తీసినవాడు నిమిషంన్నరపాటు శబ్దమే లేకుండా తీశాడు. కేబిన్‌లో ఉండే చిన్న స్పీకరు అకస్మాత్తుగా మూగబోయింది. పాత ప్రింటు ఊరికే చిటపటలాడుతుంది గాని, ఆర్కుకి కరెంటిచ్చే రెక్టిఫయరు హోరులో అది వినబడదు. చెవితో పనిచేసే మనిషికి శబ్దం ఆగిపోయిందంటే ఒక్కటే అర్థం, రీలు అయిపోయింది, తెర తెల్లబడిపోతుంది. పక్కన తట్టేవాడు లేడు. మోటారు వేసి మూత మార్చేశారు. కళ్లున్న ఏ ఆపరేటరూ ఆ తప్పు చెయ్యడు. చెయ్యలేడు కూడా.

నేను లోపలికి వెళ్లేసరికి ఆయన ఆగిన మెషీను మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. చుట్టలో ఇంకా ఎంత ఫిల్ము మిగిలిందో వేళ్లతో తడిమి చూస్తున్నారు. మూడు నిమిషాలకి సరిపడా ఉంది. కింద కుర్చీలు బాదుతున్నారు. నన్ను చూసి, అంటే నా అడుగుల చప్పుడు విని, ఎక్కడికెళ్లావని అడగలేదు. "ఆఖరి చుట్ట ఇది, అయ్యేటప్పుడు చెప్పరా" అన్నారు. మిగతా ఆట ఏ లోటూ లేకుండా అయింది.

ఆట అయ్యాక ప్రొప్రయిటరుగారు, మేనేజరుగారు పైకి వచ్చారు. ప్రొప్రయిటరుగారు కేబిన్‌లోకి రావడం నా సర్వీసులో అది రెండోసారి. చెడ్డమనిషి కాదు, కాని ఆ రోజు పదిమంది ముందు తల కొట్టేసినట్టయింది ఆయనకి. ఎవరు మార్చేరని అడిగారు. సత్తిరాజుగారు నేనేనండి అన్నారు. పొరపాటైందండి, క్షమించండి అని కూడా అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట ప్రొప్రయిటరుగారు ఎన్నడూ వినలేదు. కోపం సగం దిగిపోయింది. సరేలెండి, రేపటికైనా జాగ్రత్తగా చూడండి అని వెనక్కి తిరిగారు కూడా. అక్కడితో అయిపోవాల్సింది.

తలుపు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు నా వంక చూశారు.

"అవునూ, అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

మేనేజరుగారు నన్నే చూస్తున్నారు. ఆట మధ్యలో కేబిన్ వదిలిపోయానంటే నా ఉద్యోగం అక్కడే ఆఖరు, పత్రం లేదు, పరీక్ష లేదు. ఇంత కూడా ఆలోచించి ఉండను, భయం ఆలోచించింది. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి:

"ఆయనకి కళ్లు కనబడవండి. రెండేళ్ల నుంచీ చుక్కలు నేనే చెబుతున్నానండి."

అడిగింది అది కాదు. ఆ సంగతి కేబిన్‌లో నాకూ సత్తిరాజుగారికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ప్రొప్రయిటరుగారు నన్నడిగిన ప్రశ్నే మర్చిపోయారు. ఆయన మొహం పాలిపోయింది. ఆర్కులు మండే గదిలో, ఫిల్ము అంటుకుంటే హాలంతా పొగైపోయే చోట, రెండేళ్లుగా గుడ్డివాడి చేతిలో తన హాలు ఉందన్న భయం అది. ఆ భయం అన్యాయమని నేను అనను. నిజమాండీ అని సత్తిరాజుగారిని అడిగారు.

"ఆయ్, నిజమేనండి."

ఆయన దగ్గర ఇంకొక్క వాక్యం ఉంది. వీడు అప్పుడు ఇక్కడ లేడండి, అని. అది చెబితే తప్పు ఇద్దరికీ సమంగా పంచినట్టయ్యేది. ఆయన నోరు విప్పలేదు. మొలతాడుకి కట్టుకున్న కేబిన్ తాళాలు విప్పి రివైండరు బల్ల మీద పెట్టారు, సరిగ్గా బల్ల మధ్యలో. చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు. మెట్లు ఎన్నో ఆయనకి తెలుసు కనక గోడ పట్టుకోకుండానే దిగారు. నేను మ్యాటినీకి కార్బన్లు బిగించడం మొదలుపెట్టాను.

ఇక ఇప్పుడు మా వ్యాపారం అసలు రంగు చెబుతాను. నిబంధనకి విరుద్ధంగా ఉన్నాడని మనిషిని పంపేశారు గదా, లైసెన్సు లేని నా చేత ఆటలు ఎలా వేయించారు? తేలికే. గోడ మీద సత్తిరాజుగారి ఫ్రేము అలాగే ఉంచారు. మూర్తికి లైసెన్సు వచ్చేదాకా ఉండనివ్వండి అని మేనేజరుగారు పలివెలకి మనిషిని పంపి అడిగితే, ఆయన అలాగేనండి అన్నారట. రోజూ ఆటల రిజిస్టరులో ఆపరేటరు పేరు రాయాలి. ఎనిమిది నెలలపాటు నేను నా చేత్తో సత్తిరాజు అని రాశాను. తనిఖీకి ఎవరైనా వస్తే హెడ్ ఆపరేటరుగారు ఇప్పుడే భోజనానికి వెళ్లేరండి అనేవాళ్లం. ఆయన చూపులేక చేసిన మోసానికి శిక్ష పడింది. మేం చూపుండి చేసిన మోసానికి ఎవరూ పేరు పెట్టలేదు.

ఆ ఇంగ్లీషు సినిమా వారం ఆడింది. మిగతా ఆరు రోజులూ ఆ రీలు నేనే నడిపాను. ముడి విప్పే చోట వాడి మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నిమిషంన్నరా చుక్క ఎక్కడ మిస్సవుతానో అని పైమూలనే చూస్తూ నిలబడ్డాను.

నాలుగు నెలలకి పరీక్షకి దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. అనుభవపత్రం కావాలి. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? అయినా వెళ్లాను, అవసరానికి సిగ్గుండదు. పలివెలలో ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేను వీధి మలుపు తిరుగుతుండగానే, దూరం నుంచే, రా మూర్తీ అన్నారు. కళ్లజోడు ఉంది. దానివెనక కళ్లు నన్ను చూస్తున్నాయి.

ఉద్యోగం పోయిన నెలకి, ఇంక దాచాల్సిన పని లేదు కనక, కాకినాడ ఆసుపత్రికి వెళ్లారట. ఆర్కూ లేదు, ఏమీ లేదు. శుక్లాలు. అందరికీ వచ్చేవే.

"ముప్పావు గంట పట్టిందిరా, రెండు కళ్లకీ కలిపి," అన్నారు. "రెండేళ్ల క్రితం వెళ్లుంటే సరిపోను. పిరికితనం."

ఆయన భార్య కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆవిడకి ఏం తెలుసో నాకు తెలియదు. నేను కాగితం తీశాను. నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టండి చాలు అన్నాను. ఆయన తీరిగ్గా, గుండ్రటి అక్షరాలతో నిండు పేజీ రాశారు. మడిచి ఇచ్చారు. బస్సులో విప్పి చదివాను. నేను నమ్మకస్తుడినని, ఫిల్ము పట్టడంలో చెయ్యి మెత్తనిదని, ఛేంజోవర్లలో చూపు చురుకైనదని రాశారు. చివర ఇలా ఉంది: "ఆట నడుచుచుండగా ఏనాడును కేబిన్ విడిచి వెళ్లలేదు."

అది నన్ను కాపాడ్డానికి రాశారో, జన్మంతా గుర్తుండేలా కొట్టడానికి రాశారో నేను చెప్పలేను. రెండూ కావచ్చు. అయినా ఆ కాగితమే జత చేశాను, పరీక్ష పాసయ్యాను, లైసెన్సు వచ్చింది.

లైసెన్సు వచ్చిన వారం సత్తిరాజుగారు తన ఫ్రేము తీసుకెళ్లడానికి వచ్చారు. తెల్ల చొక్కా, కళ్లజోడు. కిందే మేనేజరుగారి గది బయట బల్ల మీద కూర్చున్నారు, పైకి రాలేదు. ఫ్రేము నేను దింపి పంపించాను. నేను తీసుకెళ్లి ఇవ్వలేదు. కాసేపటికి ప్రొప్రయిటరుగారు నన్ను పిలిపించారు. సత్తిరాజుగారు పని అడుగుతున్నారట. హెడ్డుగా కాదు, మూర్తి కింద సెకండ్ ఆపరేటరుగానైనా సరే అన్నారట. కంటి డాక్టరు ఇచ్చిన కాగితం కూడా చూపించారట. ప్రొప్రయిటరుగారికి పెట్టుకోవాలనే ఉంది, అది ఆయన గొంతులో నాకు వినబడింది. కేబిన్‌లో ఇద్దరూ పొసగాలి కదా, నీకేమీ ఇబ్బంది లేదు కదా అని నన్ను అడిగారు.

ఈసారి నాకు భయం లేదు. లైసెన్సు నా జేబులో ఉంది. ఎవరూ నన్ను తీసెయ్యరు. తాపీగా, ఆలోచించే జవాబు చెప్పాను.

"వద్దండి. రేపు మళ్లీ కంటికి ఏదైనా అయితే బాధ్యత మనదవుతుందండి."

ప్రొప్రయిటరుగారు సరే అన్నారు. మేనేజరుగారు బయటికి వెళ్లి ఏదో సర్దిచెప్పారు. ప్రొప్రయిటరుగారి గది కిటికీలోంచి చూశాను. సత్తిరాజుగారు అలాగేనండి అన్నట్టు తల ఊపి, ఫ్రేము మీద దుమ్ము తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నారు. పోయేముందు ఒక్కసారి తలెత్తి పైన కేబిన్ కేసి చూశారు. నేను అక్కడ ఉన్నాననుకున్నారు కాబోలు. నేను ఆయనకి పది అడుగుల దూరంలో కిటికీ రెక్క వెనకున్నాను.

తర్వాత ఆయన కొత్తపేటలో ఒక హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనిలో కుదిరారని విన్నాను. ఆ హాలు మూతపడేదాకా అదే చేశారట. ఆ హాలు వైపు నేను వెళ్లలేదు. రెండు వేల ఎనిమిదిలో మా మెషీన్లు కూడా ఊడదీసి పాత ఇనుము కింద తోలించేశారు. నేనూ ఇంటికొచ్చేశాను. సత్తిరాజుగారు పోయిన సంగతి నాకు నెలరోజులు ఆలస్యంగా తెలిసింది.

ఈ వృత్తి గురించి కుతూహలపడేవారికి నేను చెప్పదలిచింది కొంచెమే. మొదటిసారి నేను భయపడి చెప్పాను, దానికి ఎవరైనా మన్నించొచ్చు. రెండోసారి చెప్పింది భయపడి కాదు. నేను చేసింది తెలిసిన ఒకే ఒక్క మనిషి రోజూ నా పక్కన స్టూలు మీద కూర్చోవడం నేను భరించలేననుకున్నాను, అందుకే ఆయన్ని రాకుండా చేశాను. ప్రొప్రయిటరుగారు కేబిన్ గుమ్మంలో అడిగిన ప్రశ్నకి జవాబు "నేను కేబిన్‌లో లేనండి" అని. మూడే మాటలు. అవి చెప్పి ఉంటే ఆ రోజు నా ఉద్యోగం పోయేది. ఇంకో ఊళ్లో ఇంకో హాల్లో చేరేవాడిని. లైసెన్సు ఒక ఏడాది ఆలస్యంగా వచ్చేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు.